మౌత్‌పీస్ మీద నలుపు ఎందుకు? పసుపు కనబడితే ఎందుకు జాగ్రత్త?

మీ సంఘములోగాని, మీ ఊరి బ్యాండులోగాని ట్రంపెట్ ఊదేవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒకసారి వారి వాయిద్యమునకు ఉన్న మౌత్‌పీస్‌ను తీసి చూడండి. పెదవులు ఆనించి ఊదే ఆ చిన్న గిన్నె వంటి భాగమునే మౌత్‌పీస్ అంటారు. కొన్న రోజున అద్దములా మెరిసిన ఆ వస్తువు, కొన్ని నెలలు తిరిగేసరికి ఒక ప్రక్క లేత పసుపుగా, ఒక ప్రక్క గోధుమ రంగుగా, మరొక ప్రక్క కారు నలుపుగా మారి కనబడుతుంది.

అప్పుడు మనవారు రకరకాలుగా మాట్లాడుకుంటారు. “ఇది అసలు వెండి పూత కాదు, దుకాణం వాడు మోసం చేశాడు” అని ఒకరు. “ఊదేవాడి ఒంట్లో వేడి ఎక్కువ, అందుకే నల్లబడింది” అని మరొకరు. “ఇది విషము, నోట్లో పెట్టుకోవద్దు” అని ఇంకొకరు. ఏమీ మాట్లాడకుండా చింతపండు, ఉప్పు తెచ్చి తోమడం మొదలుపెట్టేవారు కూడా ఉన్నారు.

ఈ మాటలలో ఏది నిజము? మౌత్‌పీస్ మీద కనబడే రంగులన్నీ ఒకటి కావు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క కారణము ఉన్నది. కొన్ని రంగులు కంటికి బాగుండవు గాని ఒంటికి హాని చేయవు. కొన్ని కంటికి పెద్దగా కనబడవు గాని వాటిని చూచిన వెంటనే ఊదడము ఆపవలసి ఉంటుంది. పెదవులకు తాకే వస్తువు గనుక ఈ తేడా తెలిసికొనడము చాలా అవసరము.

మౌత్‌పీస్ దేనితో చేస్తారు?

ట్రంపెట్, కార్నెట్, ట్రాంబోన్, యూఫోనియం, సూసఫోన్ – ఇవన్నీ ఇత్తడి వాయిద్యాలు. పోలీసు కవాతులో, పెండ్లి ఊరేగింపులో, క్రిస్మస్ దినములలో వీటిని వింటాము. ఇంగ్లండులోని సాల్స్‌బరీ పట్టణములో 1878వ సంవత్సరమున చార్లెస్ ఫ్రై అనే వ్యక్తి, ఆయన ముగ్గురు కుమారులు ఇత్తడి వాయిద్యాలతో వీధి కూటములకు తోడుగా నిలిచారు. సాల్వేషన్ ఆర్మీ బ్యాండులకు అదే ఆరంభము. మన దేశములో ఈ వాయిద్యాల తయారీకి మీరట్ పట్టణము పేరుపొందినది.

ఈ వాయిద్యాలన్నిటికీ మౌత్‌పీస్ ఉంటుంది. దానికి నాలుగు భాగాలు. పెదవులు ఆనే గుండ్రని అంచు, గాలి చేరే గిన్నె, గిన్నె అడుగున సన్నని రంధ్రము, వాయిద్యములోనికి దూరే కాడ. ఈ నాలుగు భాగాలనూ సాధారణముగా ఒకే ఇత్తడి కడ్డీ నుండి లేతు మిషను మీద చెక్కుతారు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహము. అయితే లేతు మీద చెక్కే ఇత్తడిలో మూడవది ఒకటి కలుపుతారు. అది సీసము. సుమారు 3 శాతము సీసము కలిపితే చెక్కేటప్పుడు రజను పొడిపొడిగా విరిగి, పని నున్నగా, తొందరగా సాగుతుంది. చెక్కేవానికి అది మేలే. ఊదేవానికి మాత్రము కాదు. సీసము ఇంతవరకు ఒంటికి పట్టినా ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చిన్నపిల్లల విషయములో అది మరీ ప్రమాదము.

అందుకే ఆ ఇత్తడికి పైన మరొక లోహము పూత పూస్తారు. ఎక్కువగా వెండి. ఖరీదైన వాటికి బంగారము. చవక వాటికి నికెల్. ఈ పూత అందము కొరకు మాత్రమే కాదు. ఇత్తడికీ పెదవికీ మధ్య నిలిచే గోడ అది. ఈ ఒక్క మాటను మనస్సులో ఉంచుకొని ముందుకు చదవండి. మిగిలిన సంగతులన్నీ దీని మీదనే ఆధారపడి ఉన్నాయి.

మొదటిది: నలుపు

వెండి పూత వేసిన మౌత్‌పీస్ నల్లబడడానికి కారణము గంధకము. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు అతి కొద్దిగా ఉంటుంది. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన దీనిదే. మురుగు కాలువల నుండి, బొగ్గు పొగ నుండి ఇది గాలిలో చేరుతుంది. ఈ వాయువు వెండికి తగిలినప్పుడు వెండి గంధకముతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఆ పొర మొదట చాలా పలుచగా ఉండి లేత పసుపుగా కనబడుతుంది. కొంచెము మందమైతే గోధుమ రంగు, ఆ తరువాత ఊదా, నీలము, చివరకు నలుపు. రంగు మారేకొద్దీ పొర మందమగుచున్నదని అర్థము. ఇంట్లో ఆడపిల్లల కాలి పట్టీలు నల్లబడేది కూడా ఇందుచేతనే.

ఈ గంధకము బయట నుండి మాత్రమే రాదు. మన నోటిలో కూడా ఉన్నది. నాలుక మీద, పండ్ల సందులలో ఉండే సూక్ష్మజీవులు ఆహారపు తునకలను కుళ్లబెట్టి ఇవే గంధక వాయువులను విడుదల చేస్తాయి. నోటి దుర్వాసనకు కారణము అదే. ఉల్లిపాయ, వెల్లుల్లి, కోడిగ్రుడ్డు తిని నోరు కడుగకుండా ఊదితే నలుపు ఇంకా త్వరగా వస్తుంది. రబ్బరు బ్యాండు చుట్టి ఉంచినా, ఉన్ని గుడ్డలో చుట్టినా, పాత వార్తాపత్రికలో పొట్లము కట్టినా నల్లబడుతుంది. ఎందుకనగా వాటిలో గంధకము ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఈ పని వేగముగా సాగుతుంది. గనుక ఎండాకాలములో బాగున్నది వానాకాలములో నల్లబడితే ఆశ్చర్యము లేదు.

అయితే అంచు మాత్రము మెరుస్తూ, బయటి ప్రక్క, కాడ ఎందుకు నల్లబడతాయి? అంచును పెదవులు ప్రతిదినము రుద్దుచున్నాయి. అక్కడ పొర నిలువదు. ఎవరూ తాకని చోట పొర పేరుకొంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెబుతున్నాను. నలుపు వచ్చినంత మాత్రాన ఆ వెండి నకిలీ కాదు. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. ఇది ఊదేవాని ఒంటి వేడి వలన వచ్చినది కూడా కాదు. ఇది విషము కూడా కాదు. సిల్వర్ సల్ఫైడ్ నీటిలో దాదాపు కరగదు, ఉమ్మిలో కరిగి లోపలికి పోయేది కాదు. నలుపు ఉన్నచోట వెండి ఇంకా ఉన్నదని అర్థము. గోడ ఇంకా నిలిచే ఉన్నది. గనుక నలుపును చూచి భయపడకండి.

రెండవది: పసుపు, ఆకుపచ్చ

ఇప్పుడు అంచును వెలుతురులో పెట్టి జాగ్రత్తగా చూడండి. తెల్లని వెండి మధ్యలో పసుపు పచ్చని మచ్చ ఏదైనా కనబడుచున్నదా? నల్లబడుటకు ముందు వచ్చే లేత పసుపు వేరు. అది పలుచని నీడలా ఉండి, తుడిస్తే పోతుంది. నేను చెప్పేది తుడిచినా పోని, ఇత్తడి చెంబు రంగులో మెరిసే పసుపు. అది కనబడితే పూత అరిగిపోయినదని అర్థము. ఏండ్ల తరబడి పెదవుల రాపిడికి, మాటిమాటికి తోమిన తోముడుకు వెండి పోయి, లోపలి ఇత్తడి బయటపడినది.

ఆ ఇత్తడికి ఉమ్మిలోని తడి, చెమటలోని ఉప్పు, తిన్న పదార్థాల పులుపు తగిలి ఆకుపచ్చని పొర వస్తుంది. దానినే మన పెద్దలు చిలుము అన్నారు. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఇది రాగి లవణము. సిల్వర్ సల్ఫైడ్ వలె ఇది మొండిగా ఉండదు. ఉమ్మిలో కొంత కరుగుతుంది. నోటికి ఇనుప రుచి వంటి చేదు తగులుతుంది. ఎక్కువ కడుపులోనికి పోతే వికారము, వాంతులు కలుగుతాయి. సముద్రతీరమున ఉన్న విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది గనుక అక్కడ చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

ఈ సంగతి మన ఇండ్లలో కొత్తది కాదు. మన అమ్మమ్మల కాలములో ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి వేయించేవారు. కళాయి అంటే తగరపు పూత. కళాయి వేసేవాడు వీధిలోనికి వచ్చి కేక వేస్తే గిన్నెలన్నీ బయటికి వచ్చేవి. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచేవారు కారు, మజ్జిగ పోసేవారు కారు. పోస్తే చిలుమెక్కి తిన్నవారికి వాంతులవుతాయని వారికి తెలుసు. రసాయన శాస్త్రము చదువకపోయినా ఆ జాగ్రత్త వారికి ఉన్నది. మౌత్‌పీస్ కూడా అటువంటి గిన్నెయే. దాని మీది వెండి దానికి కళాయి. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచని మనము, పూత పోయిన మౌత్‌పీస్‌ను రోజుకు రెండు గంటలు పెదవుల మీద ఎట్లా పెట్టుకుంటాము? పైగా ఆ ఇత్తడిలో రాగితోబాటు సీసము కూడా ఉన్నదని జ్ఞాపకముంచుకొనండి.

మూడవది: ఎరుపు మచ్చలు

బయటపడిన ఇత్తడి మీద కొన్నిసార్లు గులాబి రంగు లేక రాగి ఎరుపు మచ్చలు వస్తాయి. ఇత్తడిలోని జింకు కరిగి పోయి, రాగి మాత్రము గుల్లగా మిగిలినప్పుడు ఇట్లా కనబడుతుంది. ఇది పైపై రంగు కాదు, లోహమే లోపల తినివేయబడుచున్నది. మౌత్‌పీస్ మందముగా ఉంటుంది గనుక దానికి ఇది అంత త్వరగా రాదు. మౌత్‌పీస్ దూరే మొదటి గొట్టము మాత్రము పలుచగా ఉంటుంది. ఉమ్మి మొదట నిలిచేది అక్కడే. ఆ గొట్టము మీద ఎరుపు మచ్చ, దాని నడుమ నల్లని చుక్క కనబడితే అది లోపలి నుండి బయటికి వచ్చినదని అనుకోవచ్చు. దానిని తోమినందువలన ప్రయోజనము లేదు. వాయిద్యాలు బాగుచేసే వారికి చూపించి ఆ గొట్టము మార్పించవలసినదే.

నాలుగవది: లోపలి తెలుపు, బూడిద రంగు

గిన్నె అడుగున, రంధ్రములో, కాడ లోపల తెల్లగా లేక బూడిద రంగుగా ఒక గట్టి పొర పేరుకొంటుంది. ఇది లోహపు మార్పు కాదు. ఉమ్మిలోని సున్నపు పదార్థము ఎండి గట్టిపడి, పండ్ల మీద గార పట్టినట్టు పడుతుంది. దానికి ఆహారపు తునకలు, వాయిద్యపు నూనె చేరి జిగురుగా తయారవుతుంది. ట్రంపెట్ మౌత్‌పీస్ రంధ్రము సాధారణముగా సుమారు 3.66 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నని దారిలో కొంచెము పొర పేరుకొన్నా గాలి అడ్డుపడుతుంది. బయటి నలుపు వలన స్వరము మారదు. లోపలి మురికి వలన మారుతుంది.

స్వరము సంగతి అట్లుంచండి. ఆరోగ్యము సంగతి చూడండి. ఆ మురికిలో సూక్ష్మజీవులు, బూజు పెరుగుతాయి. 2010వ సంవత్సరములో అమెరికాలోని ‘చెస్ట్’ అనే వైద్య పత్రికలో ఒక ట్రాంబోన్ కళాకారుని సంగతి ప్రచురించబడినది. ఆయన 15 సంవత్సరాలుగా దగ్గుతో బాధపడుచున్నాడు. సెలవుల మీద వెళ్లి కొన్ని దినములు ట్రాంబోన్ ఊదకుండా ఉన్నప్పుడు దగ్గు తగ్గినది. వైద్యులు వాయిద్యము లోపల పరీక్షిస్తే సూక్ష్మజీవులు, బూజు కనబడ్డాయి. వాయిద్యమును క్రమముగా శుభ్రము చేయడము మొదలుపెట్టిన తరువాత ఆయన దగ్గు పోయినది. చూచారా! బయట ఎంత తళతళలాడినా, లోపల చూడకపోతే ఏమి లాభము?

నికెల్ పూత సంగతి

నికెల్ పూత వెండి వలె నల్లబడదు. కొంత కాలానికి మసకగా, బూడిద రంగుగా మారుతుంది, లేదా పొలుసులుగా ఊడుతుంది. అయితే కొందరికి నికెల్ పడదు. చవక చెవికమ్మలు పెట్టుకొంటే చెవి తమ్మె పుండ్లు పడేది వీరికే. అటువంటివారు నికెల్ మౌత్‌పీస్ ఊదితే పెదవుల చుట్టూ ఎర్రబడి, దురద పుట్టి, పగుళ్లు వస్తాయి. వారు మందులు మార్చి లాభము లేదు, మౌత్‌పీస్ మార్చవలెను. బంగారు పూత వేసినవి గాని, ప్లాస్టిక్‌వి గాని వారికి మేలు. ‘నికెల్ సిల్వర్’ అని పేరున్న లోహములో వెండి ఏమాత్రమూ లేదు. అది రాగి, నికెల్, జింకు కలయిక. పేరు చూచి మోసపోకండి.

మనము చేయవలసినది ఏమిటి?

ఊదకముందు నోరు పుక్కిలించండి. ఊదిన తరువాత మౌత్‌పీస్ తీసి, నీటితో కడిగి, మెత్తని నూలు గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వారానికి ఒకసారి గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవపు సబ్బు రెండు చుక్కలు వేసి, అందులో కాసేపు ఉంచి, మౌత్‌పీస్ కొరకు అమ్మే సన్నని బ్రష్‌తో లోపల రుద్ది, మంచినీటితో కడగండి. కాడను కూడా మరువకండి. అక్కడ మురికి పేరుకొంటే మౌత్‌పీస్ వాయిద్యములో బిగుసుకొంటుంది. బిగిసినదానిని పటకారుతో లాగి గొట్టము విరుగగొట్టుకోకండి. దానిని తీసే పరికరము బాగుచేసే వారి దగ్గర ఉంటుంది.

నలుపు పోగొట్టాలంటే, వెండి పూత చెక్కుచెదరక ఉన్న మౌత్‌పీస్‌కు ఒక సులువైన మార్గము ఉన్నది. ఒక గిన్నెలో అల్యూమినియం రేకు కాగితము పరచి, దాని మీద మౌత్‌పీస్ ఆనించి, వేడినీరు పోసి, ఒక పెద్ద చెంచా వంటసోడా వేయండి. కొన్ని నిమిషాలలో గంధకము వెండిని విడిచి అల్యూమినియం వైపు పోతుంది. కొంచెము కుళ్లిన గ్రుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి. వెండి మాత్రము మౌత్‌పీస్ మీదనే నిలుస్తుంది. తరువాత బాగా కడిగి తుడవండి. రుద్ది తోమితే నలుపుతోబాటు కొంత వెండి కూడా పోతుంది. ఆ పూత తల వెంట్రుక కంటే చాలా పలుచన. ప్రతి ఆదివారము తళతళలాడవలెనని తోమితే, మెరుపు కొరకు గోడనే అరగదీసినట్టు.

ఇక చింతపండు సంగతి. ఇత్తడి చెంబులకు చింతపండు మంచిదే. దానిలోని పులుపు చిలుమును కరిగిస్తుంది. కాని మౌత్‌పీస్‌కు అది తగదు. వెండి మీది నలుపు పులుపుకు కరగదు. పూత అరిగిన చోట మాత్రము ఇత్తడిని కొరుకుతుంది. బూడిద, పళ్లపొడి, పేస్టు కూడా వద్దు, అవి వెండిని గీస్తాయి. నగలను ముంచి తీసే మందు నీళ్లు కూడా వద్దు. నోటికి తగిలే వస్తువును వాటిలో ముంచరాదు.

దాచేటప్పుడు బాగా ఆరిన తరువాత మెత్తని నూలు గుడ్డ సంచిలో గాని, గాలి చొరని ప్లాస్టిక్ కవరులో గాని ఉంచండి. ఒక చిన్న సిలికా జెల్ పొట్లము వేస్తే తేమ చేరదు.

బ్యాండులో ఒకే మౌత్‌పీస్‌ను నలుగురు ఊదే అలవాటు చాలా చోట్ల ఉన్నది. వాయిద్యము అందరిదీ కావచ్చును గాని మౌత్‌పీస్ ఎవరిది వారికి ఉండవలెను. అది వీలుకాకపోతే ఒకరి తరువాత ఒకరు ఊదేముందు సబ్బునీటితో కడిగి, 70 శాతము ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. జలుబు, దగ్గు ఉన్నవారు, పెదవుల మీద పొక్కులు ఉన్నవారు తగ్గేవరకు ఇతరుల మౌత్‌పీస్ ముట్టకుండా ఉండడము మంచిది.

చివరిగా, అంచు మీదగాని గిన్నె లోపలగాని ఇత్తడి పసుపు కనబడితే ఏమి చేయాలి? ఆ మౌత్‌పీస్‌ను ఆ రోజే ప్రక్కన పెట్టండి. మంచి పూత పనివారి దగ్గర తిరిగి వెండి పూత వేయించవచ్చు. పూత ఖర్చు కొత్తదాని ఖరీదుకు దగ్గరగా ఉంటే కొత్తది కొనడమే మేలు. ముఖ్యముగా, పెద్దలు వాడి అరగదీసినదానిని “నేర్చుకోవడానికి ఇది చాలులే” అని పిల్లల చేతికి ఇవ్వకండి. మనము ఎక్కువగా చేసే పని అదే. సీసము అందరికంటే ఎక్కువ కీడు చేసేది ఆ పిల్లలకే.

గనుక, ప్రియ చదువరీ, ఈ వారములో సాధన మొదలుపెట్టకముందు మీ బ్యాండులోని మౌత్‌పీసులన్నిటినీ ఒక బల్ల మీద వరుసగా పెట్టి, పగటి వెలుతురులో ఒక్కొక్కటి త్రిప్పి చూడండి. నల్లనివాటిని కడిగి వాడుకోండి. లోపల గార కట్టినవాటిని బ్రష్‌తో శుభ్రము చేయండి. పసుపు తేలినవాటిని వేరు చేయండి. దీనికి పావుగంట కంటే ఎక్కువ పట్టదు.